పంక్చర్ పడిన బైక్ టైరు: బాగు చేయించాలా, మార్చాలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాహనదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నాయుడుపేట నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీదా, దాని నుంచి చీలి రొయ్యల చెరువుల గట్లకూ గ్రానైట్ క్వారీలకూ మెట్ట పొలాలకూ వెళ్ళే దారుల మీదా బైకు నడిపేవారికి పంక్చర్ కొత్త సంగతి కాదు. పంక్చర్ షాపు దగ్గర నిలబడి ఐదు నిమిషాల్లో తేల్చుకోవలసి వచ్చే నిర్ణయం గురించి ఇక్కడ వివరించాము. ఇందులో చెప్పినవన్నీ మోటార్‌సైకిళ్ళు, స్కూటర్ల టైర్లకు మాత్రమే వర్తిస్తాయి. నాలుగు చక్రాల మీద నిలిచే కారు ఒక టైరులో లోపాన్ని కొంత సర్దుకుపోగలదు కానీ రెండు చక్రాల వాహనానికి ఆ వెసులుబాటు లేదు.

పంక్చర్ పడిన ప్రతి టైరునూ బాగు చేయించవచ్చా?

చేయించకూడదు. రంధ్రం ఎక్కడ పడింది, ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది, పంక్చర్ పడిన తరువాత బండి గాలి లేకుండా ఎంత దూరం కదిలింది అన్న విషయాలను కలిపి చూసుకున్నాకే నిర్ణయం తీసుకోవాలి. రోడ్డును తాకే మధ్య భాగంలో, మేకు దిగినట్టు గుండ్రంగా, దాదాపు 6 మిల్లీమీటర్ల లోపు వ్యాసంతో ఉన్న రంధ్రాన్ని సాధారణంగా బాగు చేయవచ్చు. అంతకంటే పెద్దదైనా, గాటులా పొడవుగా చీలినా, టైరు పక్క గోడలో ఉన్నా ఆ టైరును మార్చవలసిందే.

పక్క గోడను, అంటే సైడ్‌వాల్‌ను, ఎందుకు బాగు చేయకూడదో తెలిస్తే దుకాణదారుడు ధైర్యం చెప్పినా మనం తొందరపడము. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలకు ఆనిన చోట ఆ గోడ వంగి, మళ్ళీ నిటారు అవుతుంది. అక్కడ రబ్బరు పలుచన. బరువునంతా మోసేవి దాని లోపలి నైలాన్ దారాలే. మేకు ఆ దారాలను తెంపిన తరువాత రంధ్రంలో ఏది కూరినా, ప్యాచ్ ఎంత బాగా అంటించినా, తెగిన దారాల బలం తిరిగి రాదు. అంతేకాక, నిరంతరం వంగే చోట అంటించినది త్వరగా వదిలిపోతుంది. మధ్య భాగంలో మందమైన రబ్బరు ఉండడం వల్లా, అది తక్కువగా వంగడం వల్లా అక్కడ మరమ్మత్తు నిలుస్తుంది.

మధ్య భాగానికీ సైడ్‌వాల్‌కూ నడుమ అంచులో పంక్చర్ పడితే?

బైక్ టైరు అడ్డకోతలో గుండ్రంగా ఉంటుంది, బటన్లు, అంటే రోడ్డును పట్టే రబ్బరు గట్లు, దాదాపు పక్కల దాకా వంగి వస్తాయి. అందువల్ల కారు టైరులో కనిపించినంత స్పష్టమైన హద్దు ఇక్కడ కనిపించదు. మలుపులో బండి ఒరిగినప్పుడు బరువంతా పడేది ఈ అంచు మీదే. రాపూరు, ఉదయగిరి వైపు కొండ మలుపుల్లో తరచుగా తిరిగేవారికి ఆ భాగం మరింత ముఖ్యం. బటన్ల చివరి వరుసలోనో, దాన్ని ఆనుకునో పడిన పంక్చర్‌ను సైడ్‌వాల్ పంక్చర్‌గానే లెక్కించడం మంచిదని మా అభిప్రాయం. దుకాణాల్లో చాలామంది అక్కడ కూడా బయటి నుంచి రంధ్రంలోకి బంక పూసిన స్ట్రిప్ కూరి పంపిస్తారు. అది గాలిని కొన్నాళ్ళు ఆపుతుంది కూడా. గాలి ఆగినంత మాత్రాన టైరు బాగుపడినట్టు కాదు.

దారిలో నడుస్తుండగా పంక్చర్ పడితే వెంటనే ఏమి చేయాలి?

వెనుక టైరులో గాలి పోతే బండి వెనుక భాగం అటూ ఇటూ ఊగుతుంది. ముందు టైరు అయితే హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకు లాగుతుంది. రెండు సందర్భాల్లోనూ యాక్సిలరేటర్ నెమ్మదిగా వదిలి, హ్యాండిల్‌ను నిటారుగా పట్టుకుని, గాలి ఉన్న చక్రం బ్రేకును మాత్రమే సున్నితంగా వాడుతూ ఎడమ పక్కకు చేరాలి. గాలి పోయిన చక్రం మీద గట్టిగా బ్రేకు వేస్తే టైరు రిమ్ము నుంచి ఊడవచ్చు. వెనుక కూర్చున్నవారిని వెంటనే దింపాలి. జాతీయ రహదారి మీద అయితే లారీలు దూసుకొచ్చే గీతకు వీలైనంత దూరంగా, రోడ్డు అంచు కూడా దాటి నిలబడాలి. ఇండికేటర్ వెలుగుతూ ఉండాలి.

టైరులో మేకు కనిపిస్తోంది, గాలి మాత్రం పోలేదు. పీకేయవచ్చా?

పీకకండి. ట్యూబ్‌లెస్ టైరులో ఆ మేకే చాలావరకు రంధ్రానికి బిరడాగా పనిచేస్తుంది. గాలి ఏమాత్రం తగ్గినట్టు ఉన్నా నింపించుకుని, నెమ్మదిగా, ఒక్కరే, దగ్గరలోని దుకాణం దాకా వెళ్ళండి. మేకు ఉన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే వెతుకులాట తప్పుతుంది. ఒక్కొక్కసారి ఆ మేకు బటను మందంలోనే ఆగిపోయి లోపలికి దిగి ఉండదు. దుకాణంలో సబ్బు నీళ్ళు పోసి చూస్తే బుడగలు రావు. అప్పుడు పీకినా గాలి పోదు, ఖర్చూ ఉండదు. అయితే ఆ పరీక్ష కంప్రెసర్ పక్కన నిలబడి చేయవలసినదే తప్ప పొలం గట్టు మీద కాదు.

ట్యూబ్ ఉన్న టైరు అయితే ఈ సలహా అంతగా పనికిరాదు. మేకు ట్యూబులోకి దిగితే గాలి రిమ్ముకున్న స్పోకుల రంధ్రాల నుంచీ వాల్వ్ పక్క సందు నుంచీ త్వరగా బయటికి పోతుంది. మేకు అలాగే ఉండగా నడిపితే అది ట్యూబును మరికొన్ని చోట్ల పొడుస్తుంది. అలాంటప్పుడు బండిని నడపకుండా దుకాణదారుడినే పిలిపించడం లేదా బండిని ఆటో ట్రాలీలో ఎక్కించడం మేలు.

ట్యూబ్ ఉన్న టైరుకు నిర్ణయం ఎలా తీసుకోవాలి?

ఇక్కడ ప్రశ్నలు రెండు. ట్యూబును అతకాలా, మార్చాలా అన్నది ఒకటి. పైన ఉన్న టైరు ఇంకా పనికివస్తుందా అన్నది మరొకటి. చాలామంది మొదటిదానితోనే ఆగిపోతారు.

ట్యూబులో చిన్న రంధ్రం ఒకటో రెండో ఉంటే ప్యాచ్ చక్కగా నిలుస్తుంది. వాల్వ్ మొదట్లో చిరిగినా, అతుకు వెంబడి విచ్చుకున్నా, పాత ప్యాచ్‌ల మీదే కొత్త ప్యాచ్ వేయవలసి వచ్చినా, రబ్బరు సాగి మడతలు పడినా కొత్త ట్యూబ్ వేయించడమే లాభం, ఎందుకంటే ట్యూబ్ ధర టైరు ధరలో చిన్న భాగమే. ట్యూబ్ సైజు టైరు సైజుకు సరిపోవాలి. ఉన్నది ఏదో ఒకటి వేస్తే పెద్దది మడత పడుతుంది, చిన్నది అతిగా సాగి పలుచబడుతుంది.

మన ప్రాంతంలో మేకుల కంటే ముళ్ళ బెడద ఎక్కువ. మెట్టలో, చెరువు గట్ల మీద, రైలు పట్టాల వెంబడి ఎక్కడ చూసినా పెరిగిన సర్కారు తుమ్మ ముల్లు గట్టిది. అది టైరును దాటి ట్యూబులో దిగాక మొదలు విరిగి, కొన మాత్రం టైరు మందంలోనే ఉండిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు. ట్యూబును అతికి బిగించిన మర్నాడే మళ్ళీ గాలి పోతే తప్పు సాధారణంగా ప్యాచ్‌ది కాదు, ఆ కొనదే. పని తెలిసిన మనిషి ట్యూబును మళ్ళీ లోపల పెట్టే ముందు టైరు లోపలి భాగమంతా దూది ముద్దతో గానీ పాత గుడ్డతో గానీ నెమ్మదిగా తుడుస్తాడు. వేలికి తగలని ముల్లు కొనకు దూది పోగు తట్టుకుంటుంది. అప్పుడు దాన్ని లోపలి నుంచే పట్టకారుతో లాగేస్తాడు. ఈ రెండు నిమిషాల పని చేయని చోట రెండోసారి డబ్బు ఇవ్వవలసి వస్తుంది. పల్లేరు కాయలు సైకిల్ ట్యూబులను పొడిచినంత తేలికగా బైక్ టైరును పొడవలేవు. బటన్లు పూర్తిగా అరిగిన టైరుకైతే అవి కూడా చాలు, కాబట్టి పల్లేరు ముల్లుకే పంక్చర్ పడుతున్న టైరును మార్చే సమయం వచ్చిందని గ్రహించాలి.

గాలి లేకుండానే కొంత దూరం నడిపాను. టైరు పాడయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ, అడగవలసినవారు ఎక్కువ. టైర్లను నిజంగా పాడు చేసేది మేకు చేసిన రంధ్రం కంటే ఆ తరువాత గాలి లేకుండా నడిపిన దూరమే. గాలి లేని టైరు గోడలు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి, మడతపడి, ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కుతాయి. లోపలి దారాల పొరలు రబ్బరు నుంచి విడిపోవడం మొదలవుతుంది. బయటి నుంచి చూస్తే కొత్త టైరులాగే ఉండవచ్చు, గాలి నింపితే నిలబడనూ వచ్చు. కానీ అది కొన్ని రోజుల తరువాత, రోహిణి కార్తె ఎండలో, ఇద్దరు మనుషులూ ఒక బస్తా బరువుతో వెళుతుండగా ఉబ్బో పగిలో పోయే ప్రమాదం ఉంది.

కాబట్టి టైరును రిమ్ము నుంచి విప్పించి లోపల చూడాలి. లోపల నల్లని రబ్బరు పొడి, ఉలవపిండిలా మెత్తగా రాలి ఉంటే గోడలు నలిగాయని అర్థం. సైడ్‌వాల్ చుట్టూ వలయంలా ఒక గీత, లోపలి పొర ముడతలు, దారాలు కనిపించే చోట్లు, రిమ్ముకు కరుచుకునే బీడింగ్ దగ్గర చిరుగులు, వేలితో నొక్కితే ఒక చోట మెత్తగా అనిపించడం వంటి వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ టైరును మార్చాలి. ఏవీ లేకపోతే పంక్చర్‌ను మామూలుగా బాగు చేయించుకోవచ్చు.

‘అన్నా, ఒకసారి టైరు విప్పి లోపల చూపించు’ అని అడగడానికి మొహమాటపడకండి. విప్పే పనికి అదనంగా తీసుకున్నా ఇవ్వండి. ఎంత దూరం వరకు నడిపితే ఫరవాలేదు అని కిలోమీటర్ల లెక్క అడుగుతుంటారు. బరువు, వేగం, టైరు గోడల బిగుతును బట్టి అది మారుతుంది కనుక లోపల చూసి తేల్చుకోవలసిందే. అసలు గాలి లేకుండా ఎక్కి నడపకుండా, ఇంజను ఆపి పక్కన నడుస్తూ తోసుకెళ్ళడమే అన్నిటికంటే చవక.

ట్యూబ్‌లెస్ టైరుకు బయటి నుంచి వేసే స్ట్రిప్ చాలా, లోపలి నుంచి ప్యాచ్ వేయించాలా?

బంకతో తడిపిన స్ట్రిప్‌ను సూదితో రంధ్రంలోకి దూర్చి, పైన మిగిలిన కొనలు కోసేసే పద్ధతి టైరు విప్పనక్కర లేకుండా పది నిమిషాల్లో అయిపోతుంది. అందుకే అది ఇంతగా వాడుకలోకి వచ్చింది. దీనితో నెలల తరబడి, కొన్నిసార్లు టైరు అరిగేదాకా తిరిగినవారు చాలామంది ఉన్నారు. అయినా టైరు తయారీదారులు దీన్ని తాత్కాలిక మరమ్మత్తుగానే చూస్తారు. ఎందుకంటే ఇందులో లోపలి భాగాన్ని ఎవరూ చూడరు. స్ట్రిప్ రంధ్రాన్ని పూడుస్తుంది తప్ప లోపలి పొరను మూయదు. ఆకురాయితో రంధ్రాన్ని అటూ ఇటూ రాకినప్పుడు దారాలు మరికొన్ని తెగవచ్చు కూడా.

లోపలి నుంచి వేసే మష్రూమ్ ప్యాచ్‌కు పుట్టగొడుగు ఆకారం ఉంటుంది. దాని కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు లోపలి పొరకు అతుక్కుని గాలిని ఆపుతుంది. నీరు రంధ్రంలోకి దిగి దారాలను చేరకుండా కాడ అడ్డుకుంటుంది. టైరులో ఉక్కు తీగల పొర ఉంటే ఆ తీగలు తుప్పు పట్టకుండా ఉండడానికి కూడా ఇది అవసరం. ఇది సరిగ్గా వేయాలంటే లోపలి పొరను గరుకుగా రుద్ది, శుభ్రం చేసి, సొల్యూషన్ పూసి, అది తడి ఆరేదాకా ఆగి, ఆ తరువాత అంటించి రోలరుతో నొక్కాలి. తడి ఆరకముందే అంటించిన ప్యాచ్ నిలవదు. తొందరపెట్టే వాహనదారుడి వల్లనే ఈ పని చాలాసార్లు చెడుతుంది.

ఊళ్ళో నెమ్మదిగా తిరిగే స్కూటరుకు, మధ్య భాగంలో పడిన సన్నని మేకు రంధ్రానికి స్ట్రిప్ వేయించి, రెండు మూడు రోజులు గాలి చూసుకోవడం సమంజసమే. రోజూ నెల్లూరు నుంచి కావలికో, ఒంగోలు నుంచి సింగరాయకొండకో జాతీయ రహదారి మీద వేగంగా వెళ్ళివచ్చేవారూ, వెనుక కుటుంబాన్ని ఎక్కించుకునేవారూ దారిలో స్ట్రిప్ వేయించుకున్నా ఊరు చేరాక లోపలి ప్యాచ్ వేయించుకోవాలి. ముందు టైరు విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. వెనుక టైరు గాలి పోతే బండిని అదుపు చేసుకునే అవకాశం కొంత ఉంటుంది, ముందు టైరు ఆ అవకాశం ఇవ్వదు.

ఒక టైరుకు ఎన్ని పంక్చర్ల వరకు వేయించవచ్చు?

అందరికీ వర్తించే ఒక అంకె లేదు. రెండు మరమ్మత్తులు ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా ఉండకూడదన్నది మాత్రం గట్టి నియమం. ఒక ప్యాచ్ అంచు మీద ఇంకో ప్యాచ్ పడితే రెండూ నిలవవు. దూరదూరంగా ఉన్న రెండు మూడు చిన్న రంధ్రాలతో బటన్లు బాగా ఉన్న టైరు పనిచేస్తుంది. కొద్ది నెలల్లోనే పదేపదే పంక్చర్ పడుతుంటే అంకె లెక్కపెట్టడం మాని, టైరు ఎంత అరిగిందో చూడండి. మందం తగ్గిన రబ్బరును ప్రతి చిన్న వస్తువూ పొడుస్తుంది.

చీమకుర్తి వైపు గ్రానైట్ రాళ్ళు కోసిన గాటుకు ప్యాచ్ నిలుస్తుందా?

క్వారీ లారీలు తిరిగే దారిలో రాలిపడే గ్రానైట్ పలుకు అంచు కత్తిలా ఉంటుంది. అది పొడవదు, కోస్తుంది. స్ట్రిప్ గుండ్రని రంధ్రంలో నాలుగు వైపుల నుంచీ ఒత్తిడితో బిగుసుకుంటుంది. పొడవాటి గాటులో రెండు కొసల దగ్గరా సందు మిగిలిపోతుంది, టైరు వంగిన ప్రతిసారీ గాటు ఇంకొంచెం సాగుతుంది. ఒకదాని పక్కన ఒకటి మూడు స్ట్రిప్‌లు కూరి గాలి ఆపిన టైర్లు ఆ రోడ్డు మీద కనిపిస్తూనే ఉంటాయి. వాటిని చూసి ధైర్యం తెచ్చుకోకండి.

గాటు పైపైన ఉండి గాలి పోకపోతే దాన్ని కొంచెం తెరిచి లోతు చూడాలి. అడుగున దారాలు కనిపిస్తే టైరు మార్చాలి. రబ్బరు మాత్రమే తెగి ఉంటే లోపల ఇరుక్కున్న రాతి పలుకును మొద్దు పుల్లతో తీసేసి, తరువాతి వారాల్లో అది పెరుగుతోందేమో గమనిస్తూ వాడుకోవచ్చు. పలుకును అలాగే వదిలేస్తే అది రోజురోజుకూ లోపలికి దిగుతుంది.

పంక్చర్ పడకుండా లోపల పోసే సీలెంట్ ద్రవం వాడవచ్చా?

ముళ్ళ దారుల్లో తిరిగేవారికి అది ఉపయోగపడుతుంది. చిన్న రంధ్రాలను అప్పటికప్పుడు మూసేస్తుంది. కానీ పంక్చర్ పడిన సంగతే మనకు తెలియకుండా పోవడం దానితో వచ్చే చిక్కు. టైరులో ముళ్ళు చేరుతూనే ఉంటాయి. లోపల ద్రవం పూసుకుపోయిన చోట ప్యాచ్ అంటుకోవాలంటే ముందు బాగా కడిగి ఆరబెట్టాలి, కాబట్టి సీలెంట్ పోయించారని దుకాణదారుడికి ముందే చెప్పండి. సైడ్‌వాల్ గాటుకూ పెద్ద రంధ్రానికీ అది పరిష్కారం కాదు.

ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబ్ వేయించి వాడుకోవచ్చా?

ఇల్లు చేరడానికి వేయించుకోవచ్చు. శాశ్వతంగా వాడడం మంచిది కాదు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే గాలి నెమ్మదిగా పోయి మనకు ఆగే సమయం దొరుకుతుంది. ట్యూబ్ వేసిన మరుక్షణం ఆ సౌకర్యం పోతుంది. టైరుకూ ట్యూబుకూ మధ్య రాపిడి, వేడి పెరుగుతాయి. పాత స్ట్రిప్‌ల కొసలు లోపల మొనదేలి ఉంటే అవే ట్యూబును రాపాడి చిల్లు పెడతాయి. సైడ్‌వాల్ చీలిన టైరును ట్యూబ్‌తో నడిపించడం వీటన్నిటికంటే ప్రమాదకరం. చీలిక దగ్గర ట్యూబ్ బయటికి ఉబ్బి ఏ క్షణాన్నయినా పగలవచ్చు.

పంక్చర్ ఎక్కడా కనిపించదు, కానీ రెండు రోజులకొకసారి గాలి తగ్గుతోంది. టైరు మార్చాలా?

ముందు వాల్వ్ చూడండి. వాల్వ్ నోటి మీద ఒక చుక్క సబ్బు నీరు పెడితే బుడగ వస్తుందో లేదో తెలుస్తుంది. పిన్ను మార్చడం చాలా చిన్న ఖర్చు. ట్యూబ్‌లెస్ చక్రానికి వాల్వ్ మొదట్లోని రబ్బరు ఎండి పగిలినా గాలి పోతుంది. కొత్త టైరు వేయించినప్పుడల్లా ఆ వాల్వ్ కూడా మార్పించుకోవడం మంచి అలవాటు.

తరువాత రిమ్ము. గుంతలో పడి అల్లాయ్ రిమ్ము అంచు సొట్టపడితే టైరు అక్కడ సరిగ్గా ఆనదు. తీరం వెంబడి ఇంకో కారణం ఉంది. మైపాడు, కొత్తపట్నం వంటి చోట్ల ఉప్పు గాలికీ, రొయ్యల చెరువుల ఉప్పునీటి బురదకూ ఇనుప రిమ్ములు తుప్పు పడతాయి, అల్లాయ్ రిమ్ముల అంచున తెల్లని పొడిలాంటి పూత ఏర్పడుతుంది. ట్యూబ్‌లెస్ టైరు బీడింగ్ ఆనే చోట ఆ పూత ఉంటే గాలి సన్నగా పోతూ ఉంటుంది. టైరు విప్పి, రిమ్ము అంచును గీకి శుభ్రం చేసి, మళ్ళీ ఎక్కిస్తే చాలు. చక్రాన్నంతా నీటి తొట్టెలో ముంచి చూసే ముందే కొత్త టైరు అమ్మజూపే దుకాణంలో కొనకండి.

బటన్లు ఎంత అరిగితే పంక్చర్ వేయించడం దండగ?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనాల టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. టైరు గాళ్ళ అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. బటన్లు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. ఆ స్థితిలో ఉన్న టైరుకు పంక్చర్ వేయించడం షాపు నుంచి ఇంటికి రావడానికి మాత్రమే అర్థవంతం. ఇంకా కొంచెం మిగిలి ఉంటే నెల చూసి నిర్ణయించండి. నెల్లూరు జిల్లాలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో. తడి రోడ్డు మీద అరిగిన టైరు జారుతుంది, తడిసిన రబ్బరులోకి మేకులూ గాజుపెంకులూ తేలికగా దిగుతాయి. సెప్టెంబరులో పంక్చర్ పడిన సగం అరిగిన టైరుకు ప్యాచ్ వేయించే బదులు మార్చడమే మేలు. ఫిబ్రవరిలో అదే టైరుకు ప్యాచ్ వేయించి వాడుకోవచ్చు.

బటన్లు ఉన్నాయి కదా అని వయసును మరిచిపోకూడదు. సైడ్‌వాల్ మీద అండాకారపు గడిలో ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. ఐదేళ్ళు దాటిన టైరును ఏటా ఒకసారి నిపుణుడికి చూపించాలనీ, ఎంత బాగున్నట్టు కనిపించినా పదేళ్ళు దాటాక వాడవద్దనీ కొన్ని పెద్ద టైరు సంస్థలు చెబుతాయి. ఎండలో నిలబడే బండి రబ్బరు అంతకంటే ముందే గట్టిపడి, సైడ్‌వాల్ మీద సన్నని పగుళ్ళు ఇస్తుంది. వానపడని నెలల్లో పెద్దాయన వారానికొకసారి గుడికి మాత్రమే తీసే బండికి బటన్లు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. అలాంటి టైరుకు పంక్చర్ పడితే మార్చండి.

పంక్చర్ వేయించిన తరువాత ఎంత వేగంతో వెళ్ళవచ్చు?

మొదటి 24 గంటలు 80 కిలోమీటర్ల వేగం దాటవద్దని కొన్ని తయారీ సంస్థల సూచన. మన దారులకు అది ఎప్పుడూ పాటించదగినదే. మర్నాడు ఉదయం, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిపించండి. కొలత చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో అంటించిన స్టిక్కరులో ఒక్కరికీ ఇద్దరికీ వేరువేరుగా ఉంటుంది. ఎండలో పరుగెత్తి వచ్చిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీయకండి.

మార్చాలని తేలింది. కొత్త టైరు కొనేటప్పుడు ఏమి చూడాలి?

పాత టైరు మీది అంకెలే కొత్తదాని మీద ఉండాలి. 100/90-17 55పి అని ఉంటే 100 మిల్లీమీటర్ల వెడల్పు, వెడల్పులో 90 శాతం ఎత్తు, 17 అంగుళాల రిమ్ము అని అర్థం. 55 అంటే ఆ టైరు 218 కిలోల వరకు మోయగలదు, పి అంటే 150 కిలోమీటర్ల వేగం దాకా తగినది. అందం కోసం ఇంకా వెడల్పైనది వేస్తే టైరు రిమ్ము మీద సరిగ్గా కూర్చోదు. ఐఎస్ఐ గుర్తుతో పాటు ద్విచక్ర వాహన టైర్ల ప్రమాణం ఐఎస్ 15627 అంకె ఉందో లేదో, తయారీ వారం ఎంత పాతదో చూడండి. ట్యూబ్‌లెస్ రిమ్ముకు ‘ట్యూబ్‌లెస్’ అని రాసి ఉన్న టైరే వేయాలి.

ఎక్కించాక తిరిగే దిశ చూపే బాణం గుర్తు సరైన వైపు ఉందో, రిమ్ము పక్కన టైరు మీద ఉండే సన్నని గీత చుట్టూ ఒకే దూరంలో కనిపిస్తోందో మీరే వంగి చూసుకోండి. ఆ గీత ఒకచోట లోపలికి పోయి ఉంటే టైరు సరిగ్గా కూర్చోలేదు. కొత్త రబ్బరు పైపొర నునుపుగా ఉంటుంది కనుక మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో ఒరగకుండా, గట్టిగా బ్రేకు వేయకుండా నడపాలి. ఒక టైరు పాడైతే రెండూ మార్చవలసిన పని లేదు, రెండోది అరగకుండా ఉంటే చాలు.

వాడిన టైరు చవకగా దొరుకుతోంది. కొనవచ్చా?

మేము వద్దంటాము. అది గాలి లేకుండా ఎంత దూరం నడిచిందో అమ్మేవాడికీ తెలియదు. అరిగిన టైరు గాళ్ళను వేడి కత్తితో లోతుగా కోసి, నల్ల రంగు పూసి అమ్మేవి మరీ ప్రమాదకరం. ఆ గాళ్ళ అడుగున దారాల మీద మిగిలే రబ్బరు కాగితమంత. మీ పాత టైరును దుకాణంలో వదిలేసేటప్పుడు సైడ్‌వాల్ కోయించి ఇస్తే అది ఇంకొకరి బండికి ఎక్కదు.

పంక్చర్ వల్ల పాడైన టైరుకు బీమా వస్తుందా?

టైరు ఒక్కటే పాడైతే మామూలు సమగ్ర పాలసీ కింద రాదు. అదే ప్రమాదంలో బండి కూడా దెబ్బతింటే టైర్ల, ట్యూబుల ఖర్చులో సగం లెక్కిస్తారు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవారికి అదీ ఉండదు. టైరు సంస్థ ఇచ్చే వారంటీ తయారీ లోపాలకే పరిమితం, మేకుకూ ముల్లుకూ వర్తించదు. అయితే పంక్చర్ కోసం విప్పినప్పుడు లోపల పొర ఉబ్బి ఉండి, గాలి లేకుండా నడిపిన గుర్తులేవీ లేకపోతే, ప్యాచ్ వేయించే ముందే ఆ టైరును బిల్లుతో సహా కొన్న దుకాణానికి తీసుకెళ్ళి చూపించండి.